పరిశోధనకు డబ్బు పంపండి, ఆమె ఓపిక మాత్రం ఖర్చు పెట్టకండి

ప్రశ్న: మా ఇంజినీరింగ్ బ్యాచ్‌లో అందరికంటే హుషారుగా ఉండే అమ్మాయి ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఉంటోంది. మూడేళ్ల కింద కొవిడ్ వచ్చి తగ్గింది గానీ మనిషి మళ్లీ మామూలు కాలేదు. ఉద్యోగం మానేసింది, ఎక్కువ రోజులు మంచం మీదే ఉంటోంది. ఎంఈ/సీఎఫ్‌ఎస్, అంటే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ అని అక్కడి డాక్టర్లు తేల్చారు. నయం చేసే మందు లేదన్నారు. మేం ఇరవై మందిమి ఉన్నాం. చాలామంది హైదరాబాద్, వరంగల్‌లలో ఉంటాం, కొందరు అమెరికాలో, ఇద్దరు ఇంగ్లండ్‌లో ఉన్నారు. అందరం కలిసి ఈ జబ్బు మీద పరిశోధనకు డబ్బు పంపాలనుకుంటున్నాం. మే 12న పది కిలోమీటర్ల పరుగు పెట్టి చందాలు పోగు చేద్దామని, అందరి డబ్బూ నా ఫోన్‌పేలోకి తీసుకుని పంపుదామని ఆలోచన. ఆమెను రెండు నిమిషాల వీడియో చేసి పెట్టమందామా? మాలో ఒకతను స్టెమ్‌సెల్ ట్రయల్ ఒకటి ఉందని, మూడున్నర లక్షలు కడితే చేర్చుకుంటారని చెబుతున్నాడు. దానికి పెట్టడం మంచిదా, పరిశోధనకు పంపడం మంచిదా? పంపితే ఎవరికి?
– ఒక పాఠకురాలు, హన్మకొండ

సమాధానం: ముందు వీడియో సంగతి. దయచేసి అడగకండి. రెండు నిమిషాలే కదా అని మనకు అనిపిస్తుంది. ఆ రెండు నిమిషాల కోసం ఆమె లేచి కూర్చోవాలి, తల దువ్వుకోవాలి, ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి, లైటు భరించాలి, సరిగా రాకపోతే మళ్లీ చెప్పాలి. ఈ జబ్బును పట్టిచ్చే గుర్తు శ్రమ తర్వాత పడే దెబ్బ. డాక్టర్లు దాన్ని పీఈఎం అంటారు, రోగులు క్రాష్ అంటారు. నడిస్తేనే కాదు, మాట్లాడినా, చదివినా, మనసు కష్టపెట్టుకున్నా రావచ్చు. వెంటనే వస్తే జాగ్రత్త పడొచ్చు, కానీ చాలామందికి 12 నుంచి 48 గంటలు గడిచాక వస్తుంది, వస్తే రోజులు, ఒక్కోసారి వారాలు పడేస్తుంది. మంగళవారం సాయంత్రం వీడియో తీస్తే, బుధవారం మీ గ్రూపులో నవ్వుతున్న ఎమోజీ పెడుతుంది. గురువారం పొద్దున బాత్రూమ్ దాకా నడవలేకపోతుంది. ఆ గురువారం మీ కంటపడదు కాబట్టి 'బాగానే ఉందిగా' అనుకుంటారు.

ఆమె పేరు వాడుకోవచ్చా అన్నది మాత్రం అడిగి తీరాలి. పేరు, ఫొటో, జబ్బు పేరు కలిపి ఒకసారి చందాల పేజీలో పెట్టాక వెనక్కి తీసుకోలేం. రేపు ఉద్యోగానికి వెళితే అక్కడివాళ్లు చూస్తారు, ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్లు మొదలవుతాయి, 'మా దగ్గర మంచి మందు ఉంది' అంటూ పది మంది తగులుకుంటారు. అడిగేటప్పుడు ఆలోచించే పని ఆమె మీద పెట్టకుండా అడగండి. ఇలా: "నీ జబ్బు మీద జరిగే పరిశోధనకు మేం తలా కొంత పంపుతున్నాం. నీ పేరు చెప్పొచ్చంటే 1, వద్దంటే 2 పంపు. తొందరేం లేదు. జవాబు రాకపోతే వద్దన్నట్టే అనుకుంటాం." వాయిస్ మెసేజ్ కంటే ఇలాంటి నాలుగు ముక్కల టెక్స్ట్ నయం, ఓపిక ఉన్నప్పుడు చూసుకుంటుంది. పేరు వద్దంటే 'మా స్నేహితురాలు ఒకరు' అన్నా చందాలేమీ తగ్గవు. ఇచ్చేవాళ్లు మిమ్మల్ని చూసి ఇస్తారు.

పరుగు పెట్టుకోండి. మే 12 ఈ జబ్బు గురించి అవగాహన కోసం ప్రపంచమంతా పాటించే రోజే, ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు కూడా. ఆ రోజుల్లో మన దగ్గర ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే కాబట్టి తెల్లారి అయిదింటికే మొదలుపెట్టి ఏడు లోపు ముగించండి. టీషర్టుల జోలికి పోకండి. నలభై మంది తలా 500 ఇస్తే 20,000. టీషర్టు 250 పడితే అందులో 10,000 గుడ్డకే పోతుంది. బ్యానరు, నీళ్ల సీసాలు, మెడళ్లు కలిపితే పరిశోధనకు మిగిలేది చిల్లరే. ఖర్చంతా ముందే మీలో ఇద్దరు ముగ్గురు సొంతంగా పెట్టుకుంటామంటేనే అలాంటివి చేయించండి. ఇంకో మాట. 'పరుగెత్తు, అలసటను గెలువు' లాంటి నినాదం మాత్రం రాయకండి. ఈ రోగులను ఏళ్ల తరబడి వ్యాయామం చేయమని తోసి మరింత మంచాన పడేశారు. ఆ సంగతి కింద చెబుతాం.

స్టెమ్‌సెల్ ట్రయల్ అన్నదానికి ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. మన దేశంలో 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్లో చేరినవాళ్లకు దానివల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, పరిహారం ఇవ్వాలి. పరిశోధన అంటే వాళ్లు మన శరీరం మీద ఒక ప్రశ్న అడుగుతున్నారన్నమాట, ఆ ప్రశ్నకు ఖర్చు అడిగేవాడిది. రోగి దగ్గరే లక్షలు తీసుకుంటున్నారంటే అది వ్యాపారం. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), కేంద్ర బయోటెక్నాలజీ విభాగం కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా, రక్త సంబంధ వ్యాధుల వంటి ఆమోదం ఉన్న కొద్ది వాటికి తప్ప స్టెమ్‌సెల్స్‌ను ట్రయల్ బయట వైద్యంగా ఇవ్వకూడదనే చెబుతున్నాయి. మీ మిత్రుణ్ని ఒకటే అడగండి: సీటీఆర్‌ఐ, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ, ఇచ్చిన నంబరు ఏది? భారత్‌లో జరిగే ప్రతి క్లినికల్ ట్రయల్ 2009 జూన్ 15 నుంచి ఆ రిజిస్ట్రీలో నమోదు కావాల్సిందే. నంబరు 'సీటీఆర్‌ఐ', ఏడాది, నెల, ఆ తర్వాత అంకెలు అనే వరసలో ఉంటుంది. సైట్‌లో కొట్టి చూస్తే ఏ జబ్బుకు, ఎంత మంది మీద, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతితో, పోల్చడానికి రెండో గుంపు ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. నంబరు ఇచ్చినా అక్కడ రాసి ఉన్న జబ్బు వేరే కావచ్చు, మోకాళ్ల నొప్పులకు తీసుకున్న నంబరు చూపించి అన్నిటికీ ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లుంటారు. అందుకే నంబరు ఉందని ఆగిపోకుండా లోపల చదవండి.

ఇక అసలు ప్రశ్న, ఎవరికి పంపాలి. దానికి జవాబు చెప్పాలంటే ఈ జబ్బు మీద పరిశోధన ఇన్నేళ్లు ఎక్కడ చిక్కుకుపోయిందో కొంచెం తెలియాలి. లేకపోతే మీ డబ్బు కూడా అక్కడికే పోతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నాడీ సంబంధ జబ్బుల్లో చేర్చింది 1969లో. అయినా అలసట అన్న ఒక్క లక్షణాన్నే పట్టుకుని రోగులను ఎంచుకున్న అధ్యయనాలు చాలా వచ్చాయి. 1991లో బ్రిటన్‌లో తయారైన ఆక్స్‌ఫర్డ్ కొలమానం ప్రకారం ఆరు నెలలుగా తీవ్రమైన అలసట ఉంటే దాదాపు సరిపోతుంది, క్రాష్ ఉండాలన్న షరతు లేదు. అలా చేరిన గుంపులో డిప్రెషన్ వల్ల నీరసపడ్డవాళ్లూ, నిద్ర సమస్యలున్నవాళ్లూ, నిజంగా ఈ జబ్బే ఉన్నవాళ్లూ కలిసిపోతారు. వాళ్ల రక్తంలో తేడా వెతికితే ఏం దొరుకుతుంది? దొరికినా ఎవరిది? 2015లో అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ దీనికి గట్టి నిర్వచనం ఇచ్చింది. ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చేయలేనంత అలసట ఉండాలి, శ్రమ తర్వాత క్రాష్ ఉండాలి, ఎంత పడుకున్నా తేరుకోని నిద్ర ఉండాలి. ఈ మూడింటితో పాటు బుర్ర మొద్దుబారడమో, నిలబడితే తల తిరిగి గుండె దడ రావడమో ఒకటి తప్పనిసరి. 2003లో వచ్చిన కెనడా కొలమానం ఇంతకంటే కఠినం. ఏ అధ్యయనానికైనా డబ్బు ఇచ్చే ముందు ఈ రెండింటిలో ఒకదాన్నయినా వాడుతున్నారా అని చూడండి. క్రాష్ అనే షరతు లేని అధ్యయనానికి మేమైతే ఇవ్వం.

నిర్వచనం వదులుగా ఉంటే ఏమవుతుందో పేస్ ట్రయల్ చూపించింది. బ్రిటన్‌లో 641 మందితో చేసి 2011లో లాన్సెట్ పత్రికలో అచ్చేశారు. క్రమంగా వ్యాయామం పెంచుకుంటూ పోవడం, మాటలతో చేసే చికిత్స పని చేస్తాయన్నారు. రోగులను ఎంచుకుంది ఆక్స్‌ఫర్డ్ కొలమానంతోనే. అంతకంటే ఘోరం లెక్కలో ఉంది. శరీరం ఎంత పని చేయగలదో కొలిచే ప్రశ్నావళిలో 65 లేదా అంతకు తక్కువ మార్కులుంటే జబ్బు ఉన్నట్టు లెక్కేసి ట్రయల్లో చేర్చుకున్నారు. చివర 'కోలుకున్నారు' అనడానికి అదే ప్రశ్నావళిలో పెట్టుకున్న గీత 60. అంటే 65తో చేరి 60కి దిగజారిన మనిషి కూడా ఆ ఒక్క కొలత ప్రకారం కోలుకున్నట్టే. రోగులు సమాచార హక్కు కింద అడిగి, ట్రిబ్యునల్ దాకా వెళ్లి, 2016లో అసలు డేటా బయటికి తెప్పించారు. మళ్లీ లెక్కేస్తే కోలుకున్నారన్న మాట నిలబడలేదు. 2021 అక్టోబరులో బ్రిటన్ వైద్య మార్గదర్శకాల సంస్థ నైస్, ఆ వ్యాయామ చికిత్స ఇవ్వొద్దని చెప్పింది. పరుగు నినాదం వద్దన్నది ఇందుకే.

చిన్న అధ్యయనాన్ని చూసి పరుగులు తీయడం ఇంకో గుంట. 2009లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 101 మంది రోగుల్లో 68 మంది రక్తంలో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ దొరికిందని, ఆరోగ్యవంతులు 218 మందిలో 8 మందికే ఉందని. రోగులు సొంత డబ్బుతో పరీక్షలు చేయించుకున్నారు, కొందరు హెచ్‌ఐవీ మందులు కూడా వాడారు. ఆ వైరస్ ఎలుకల కణాల నుంచి ల్యాబ్‌లోనే పుట్టి నమూనాల్లో కలిసిందని తేలింది. 2011 చివర్లో వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. ఏ నమూనా ఎవరిదో పరీక్షించేవాళ్లకు తెలియకుండా 147 మంది రోగులు, 146 మంది ఆరోగ్యవంతుల రక్తాన్ని 2012లో చూస్తే వైరస్ ఎక్కడా లేదు.

నార్వేలోని బెర్గెన్‌లో జరిగింది మాత్రం గౌరవించదగ్గ ఓటమి. రిటుక్సిమాబ్ అనే క్యాన్సర్ మందు ఇస్తే 15 మందిలో 10 మందికి మెరుగైందని, ఉత్తుత్తి మందు తీసుకున్న 15 మందిలో ఇద్దరికే మెరుగైందని 2011లో అక్కడి డాక్టర్లు చెప్పారు. అక్కడితో ఆగి క్లినిక్ తెరుచుకోవచ్చు. వాళ్లు 151 మందితో మళ్లీ చేశారు. మందు తీసుకున్నవాళ్లలో 26 శాతానికి మెరుగైతే, ఉత్తుత్తిది తీసుకున్నవాళ్లలో 35 శాతానికి మెరుగైంది. మందు పని చేయలేదని 2019లో వాళ్లే ప్రకటించారు. ఈ జబ్బు తీవ్రత దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, అందుకే 30 మందితో చేసింది ఎటైనా చూపించగలదు. అలాంటి ఖరీదైన, ప్రమాదం కూడా ఉన్న మందు వేలమందికి ఎక్కకుండా ఆపింది ఆ రెండో ట్రయలే. మీరిచ్చే డబ్బు ఇలాంటి 'లేదు' అనే జవాబుకు వెళ్లినా అది వృథా కాదు. ఈ మాట మీ ఇరవై మందికీ ముందే చెప్పి ఉంచండి, లేకపోతే రెండేళ్లకు 'మనం ఇచ్చింది ఏమైంది' అని నిరాశపడతారు.

సరిగ్గా జరిగిన పని ఎలా ఉంటుందో డీకోడ్‌ఎంఈ అనే జన్యు అధ్యయనంలో చూడొచ్చు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో క్రిస్ పాంటింగ్ బృందం, రోగుల సంస్థ యాక్షన్ ఫర్ ఎంఈ కలిసి నడిపారు, ప్రభుత్వ పరిశోధన నిధుల నుంచి 32 లక్షల పౌండ్లు వచ్చాయి. రోగి ఇంటికే ఉమ్మి గొట్టం పోస్టులో వస్తుంది, అందులో ఉమ్మి నింపి తిరిగి పోస్టు చేస్తే చాలు. ఆస్పత్రికి వెళ్లలేక పడుకునే ఉన్నవాళ్లు కూడా చేరగలిగింది దీనివల్లే. 15,579 మంది రోగుల డీఎన్ఏను 2,59,909 మంది ఇతరుల డీఎన్ఏతో పోల్చి, తేడా కనిపించిన ఎనిమిది జన్యు ప్రాంతాలను 2025 ఆగస్టులో ప్రకటించారు. కొన్ని రోగనిరోధక వ్యవస్థవైపు, కొన్ని నాడీ వ్యవస్థవైపు చూపిస్తున్నాయి. ఇది మందు కాదు, పరీక్ష కూడా కాదు. ఎక్కడ తవ్వాలో చూపించింది, అంతే. అయితే ఆ పోలిక యూరోపియన్ మూలాలున్నవాళ్లకే పరిమితం. రోగులూ ఇతరులూ వేర్వేరు జాతుల నుంచి వస్తే, కనిపించే తేడా జబ్బుదో పుట్టుకదో తేలదు, మన మూలాలున్నవాళ్లు అక్కడ సరిపడా సంఖ్యలో లేరు. మీ స్నేహితురాలి జన్యువుల్లో ఏముందో ఆ లెక్క నేరుగా చెప్పదు. మన దగ్గర పోల్చడానికి పునాది పడింది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద సుమారు 10,000 మంది భారతీయుల జన్యుక్రమం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది, హైదరాబాద్ సీసీఎంబీ కూడా అందులో భాగస్వామి. కావలసింది క్రాష్‌తో సహా జబ్బు సరిగ్గా నిర్ధారణ అయిన రోగులు. మన డాక్టర్ల దగ్గర ఈ పేరు రాయించుకోగలిగిన రోగులే అరుదు, కాబట్టి ఇక్కడ పరిశోధనకు అడ్డం ముందు అక్కడే ఉంది.

డబ్బు విషయంలో ఒక్క లెక్క చాలు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్ 2017 నుంచి 2023 మధ్య ఈ జబ్బుకు ఏడాదికి 1.3 నుంచి 1.7 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. అక్కడ పెద్దవాళ్లలో 1.3 శాతం మందికి ఈ జబ్బు ఉందని ప్రభుత్వ సర్వేలోనే తేలింది. తలకు పది డాలర్లు కూడా పడదు. లుధియానాలో వైద్యం చదివిన అవీంద్ర నాథ్ నాయకత్వంలో అదే ఎన్‌ఐహెచ్ 2016లో మొదలుపెట్టిన లోతైన అధ్యయనం 2024లో అచ్చయ్యే సరికి అందులో ఉన్న రోగులు 17 మందే. పెద్ద నిధులు రావాలంటే ముందు చిన్న ఆధారం చూపించాలి. ఆ చిన్న ఆధారం సంపాదించేందుకు డబ్బు ఇచ్చేది ఎక్కువగా రోగుల సంస్థలే, మీలాంటివాళ్ల వెయ్యీ రెండు వేలూ పనికొచ్చేది అక్కడే.

బ్రిటన్‌లో ఎంఈ రీసెర్చ్ యూకే స్కాట్లండ్‌లోని పెర్త్ నుంచి పని చేస్తుంది, వేరే దేశాల పరిశోధకులకూ గ్రాంట్లు ఇస్తుంది, డబ్బు పరిశోధనకే. ఎంఈ అసోసియేషన్‌కు రామ్సే పేరుతో విడిగా పరిశోధన నిధి ఉంది, పంపేటప్పుడు ఆ నిధికి అని ఎంచుకోవాలి, లేకపోతే సంస్థ ఇతర పనుల్లో కలుస్తుంది. యూకే ఎంఈ/సీఎఫ్‌ఎస్ బయోబ్యాంక్ 2011 నుంచి రోగుల రక్త నమూనాలు దాచి ఇతర పరిశోధకులకు ఇస్తోంది, మంచం దిగలేనివాళ్ల ఇంటికే వెళ్లి రక్తం తీసుకుంది. మా మొగ్గు అటువైపు ఎక్కువ. ఎందుకంటే రోగుల్లో పావు వంతు మంది ఏదో ఒక దశలో ఇల్లు కదలలేని స్థితిలో ఉంటారని అంచనా, పరిశోధనల్లో దాదాపు కనిపించనిది కూడా వాళ్లే. అమెరికాలో ఓపెన్ మెడిసిన్ ఫౌండేషన్ 2012 నుంచి స్టాన్‌ఫర్డ్, హార్వర్డ్, ఉప్సలా వంటిచోట్ల పరిశోధన కేంద్రాలకు డబ్బు ఇస్తోంది. సాల్వ్ ఎంఈ కొత్త పరిశోధకులకు చిన్న గ్రాంట్లు ఇస్తుంది.

ఏ సంస్థనైనా ఒక ఈమెయిల్‌లో ఇవి అడగండి. రోగులను ఏ కొలమానంతో ఎంచుకుంటారు? పోల్చడానికి ఆరోగ్యవంతులతో పాటు కదలికలు తక్కువగా ఉండే మామూలు మనుషులు కూడా ఉన్నారా? ఇది ముఖ్యం. మూడేళ్లు మంచాన ఉన్నవాళ్ల కండరాలను రోజూ జిమ్‌కు పోయేవాళ్ల కండరాలతో పోల్చితే తేడా రాక ఏం చేస్తుంది? అది జబ్బుదో పడకదో తెలియదు. ఫలితం రాకపోయినా అచ్చేస్తారా? డేటా ఇతరులకు ఇస్తారా? గ్రాంటు ఎవరికివ్వాలో బయటి నిపుణులు చూసి చెబుతారా? మంచి సంస్థలు ఈ ప్రశ్నలకు సంతోషంగా జవాబిస్తాయి. రిజిస్ట్రేషన్, ఏటా లెక్కలు మీరే చూసుకోవచ్చు. ఇంగ్లండ్ సంస్థలకు ఛారిటీ కమిషన్ రిజిస్టరు, స్కాట్లండ్ వాటికి ఆస్కర్ రిజిస్టరు, అమెరికా వాటికి అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్ సైట్.

ఇప్పుడు డబ్బు పంపే దారి. అందరి డబ్బూ మీ ఫోన్‌పేలోకి తీసుకోవద్దు. మన పన్ను చట్టంలో బంధువులు కానివాళ్ల నుంచి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే అదంతా మీ ఆదాయంగా లెక్కకు రావచ్చు. నోటీసు వస్తే 'ఇది నాది కాదు, చందాలు' అని మీరే కాగితాలు చూపించుకోవాలి. పైగా ఇంకొకరి డబ్బు మీ పేరు మీద విదేశానికి పంపడం మరో చిక్కు. డబ్బు ఒకచోట చేరక్కర్లేదు, లెక్క ఒకచోట ఉంటే చాలు. ఒక గూగుల్ షీటులో పేరు, సంస్థ, తేదీ, మొత్తం, రసీదు నంబరు రాసుకోండి. పంపేది ఎవరికి వాళ్లే.

ఇంగ్లండ్‌లో ఉన్న ఇద్దరూ అక్కడి సంస్థకు నేరుగా ఇవ్వాలి, గిఫ్ట్ ఎయిడ్ గడి టిక్కు పెట్టాలి. వాళ్లు అక్కడ పన్ను కడుతుంటే ప్రతి పౌండుకు ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది, 100 పంపితే సంస్థకు 125 చేరుతుంది. ఇది ఎవరి సొంత డబ్బుకు వాళ్లకే వర్తిస్తుంది. మీరందరూ పోగేసి వాళ్లకు పంపి వాళ్ల పేరు మీద ఇప్పించి టిక్కు పెట్టించారనుకోండి, అది నిబంధనకు విరుద్ధం. చాలామంది మంచి మనసుతో చేసే పొరపాటు ఇదే.

అమెరికావాళ్లు అక్కడి సంస్థకు ఇవ్వాలి. చాలా పెద్ద కంపెనీలు ఉద్యోగి ఇచ్చినంత తామూ ఇస్తాయి, సాఫ్ట్‌వేర్‌లో ఇది మామూలు. ఆ సంస్థ పన్ను గుర్తింపు నంబరుతో కంపెనీ పోర్టల్లో వెతికి, ఇచ్చాక రసీదు ఎక్కించి మ్యాచింగ్ అడగాలి. అడగకపోతే రాదు, గడువు దాటితే రాదు. మీ ఇరవై మందిలో ఎక్కువ డబ్బు పుట్టించగలిగేది వీళ్లే, కాబట్టి వీళ్లకు గుర్తు చేసే పని ఒకరికి అప్పగించండి.

ఇక్కడ ఉన్నవాళ్లకు కార్డే సులువు. బ్యాంకు ద్వారా వైర్ పంపితే వెయ్యి రూపాయలకు ఫీజే అంత కావచ్చు. వీసా లేదా మాస్టర్‌కార్డ్ తీసుకోండి, బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసి పరిమితి పెట్టుకోండి, పని కాగానే ఆఫ్ చేయండి. దేశీయ రూపే కార్డు అక్కడి సైట్లలో సాధారణంగా నడవదు. మారకం మీద బ్యాంకు మామూలుగా 2 నుంచి 3.5 శాతం, దాని మీద జీఎస్టీ వేసుకుంటుంది. నెలనెలా ఇచ్చే పద్ధతి ఎంచుకోకండి. 2021 అక్టోబరు నుంచి అమలైన ఆర్‌బీఐ నిబంధనల వల్ల విదేశీ సైట్ల ఆటో డెబిట్లు తరచూ ఆగిపోతాయి, మీరు ఇస్తున్నామనుకుంటూ ఉంటారు, అక్కడికి చేరదు. ఏడాదికి ఒకసారి ఇచ్చేయండి, ఫీజు కూడా కలిసొస్తుంది. పెద్ద మొత్తమైతే బ్యాంకుకు వెళ్లి, విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద పాన్, ఏ2 ఫారంతో విరాళమని రాసి పంపాలి. విదేశీ సంస్థకు ఇచ్చినదానికి ఇక్కడ పన్ను మినహాయింపు రాదు, ఆ లెక్క ముందే వేసుకోండి.

రేపు మన దేశంలోనే ఏదైనా సంస్థ ఈ జబ్బు మీద అధ్యయనం మొదలుపెట్టి మీరు దానికి ఇవ్వాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. మీ అమెరికా స్నేహితుల్లో ఇంకా భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత డబ్బు బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్లు ఇస్తే వస్తుంది. అప్పుడు ఆ సంస్థకు విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో ఖాతా ఉండాల్సిందే. తెలియక వేసినా చిక్కు సంస్థకే.

డబ్బు కాకుండా చేయగలిగినవి రెండున్నాయి. ఇంగ్లండ్‌లో ఉన్న మీ ఇద్దరు స్నేహితులు భారత పౌరులైనా, కామన్వెల్త్ దేశంవాళ్లు కాబట్టి, అక్కడ ఓటరుగా నమోదు కావచ్చు. వాళ్ల ఎంపీకి రాసే ఉత్తరానికి బరువుంటుంది. బ్రిటన్ ప్రభుత్వం 2025 జులైలో ఈ జబ్బు మీద ఒక ప్రణాళిక ప్రకటించింది, అందులో పరిశోధన కూడా ఉంది. 'ఆ ప్రణాళిక కింద పరిశోధనకు కొత్తగా ఎంత డబ్బు కేటాయించారు?' అని ఒకే ప్రశ్న, పోస్ట్‌కోడ్‌తో సహా రాస్తే చాలు. నాలుగు పేజీలు రాస్తే చదవరు.

రెండోది ఆమె రికార్డు. రేపు ఏ అధ్యయనంలో చేరాలన్నా ముందు పెద్ద ప్రశ్నావళి వస్తుంది, అది నింపడమే ఆమెను క్రాష్ చేయగలదు. ఆమెకు ఇష్టమైతే మీలో ఒకరు ఒకే పేజీ తయారు చేసి పెట్టండి. జబ్బు మొదలైన నెల, దానికి ముందు వచ్చిన ఇన్‌ఫెక్షన్, జబ్బు పేరు రాసిన డాక్టరు ఉత్తరం తేదీ, వాడిన మందులు, వాటిలో పడనివి, అంతకుముందు వారానికి ఎన్ని గంటలు పని చేసేది, ఇప్పుడు ఏం చేయగలుగుతోంది. క్రాష్‌ల గురించి ఇలా రాయండి: '20 నిమిషాల వీడియో కాల్, 36 గంటల తర్వాత మొదలు, గొంతు నొప్పి, వెలుతురు పడదు, 4 రోజులు మంచం'. అలాంటివి మూడు చాలు. పరిశోధకుడికి 'చాలా అలసటగా ఉంటోంది' అన్న వాక్యం కంటే ఈ మూడు వరసలే పనికొస్తాయి. సమాచారం పాత మెసేజ్‌లలోంచి మీరే ఏరండి, ఆమెను అడగాల్సినవి మిగిలితే రోజుకు ఒక్క ప్రశ్న, అవును కాదులతో సరిపోయేలా. రక్తం ఇవ్వడానికో, రెండు రోజుల సైకిల్ పరీక్షకో పిలుపొస్తే వెళ్లాలా వద్దా అన్నది పూర్తిగా ఆమె నిర్ణయం. ఆ సైకిల్ పరీక్షలో వరసగా రెండు రోజులు శక్తిమేరకు తొక్కిస్తారు, రెండో రోజు ఎంత పడిపోతారో చూడటమే దాని ఉద్దేశం. అంటే క్రాష్ తెప్పించి కొలుస్తారన్నమాట. 'పరిశోధనకు మంచిది కదా, వెళ్లు' అని ఆమెను ఒత్తిడి చేయకండి. వెళ్తానంటే ముందు వారం, తర్వాత రెండు వారాలు వంట, బజారు పనులు ఎవరు చూస్తారో అక్కడున్న ఆ ఇద్దరూ ముందే పంచుకోవాలి.